తొంభై ఆరు గడులు

ఆ వీధిలో తిరగడం మొదలుపెట్టిన రెండో రోజుకే ఆమెకు పేరు పడిపోయింది: లెక్కలావిడ. భుజానికి గుడ్డసంచి, సంచిలో అట్టకు బిగించిన ఫారాల కట్ట, జడలో దోపిన పెన్సిలు. గుమ్మం ముందు నిలబడి, "మీ ఇంట్లో మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగేది. కొందరు మాట పూర్తికాకముందే తలుపు వేసేవారు. కొందరు, "ఉన్నాడమ్మా, మా ఆయన. వారం నుంచి బల్బు తెమ్మని మొత్తుకుంటున్నా" అని నవ్వేవారు. పదిళ్ళకి తొమ్మిదిళ్ళలో అదే హాస్యం. తొమ్మిదిసార్లూ నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేది ఆమె.

ఆమెను పంపింది ఒక పరిశోధన సంస్థ. ఈ జబ్బు మందులకయ్యే ఖర్చు ఎంతో అందరికీ తెలుసు. ఇంట్లో మనుషులు పడే చాకిరీ ఎంతో మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. ఎవరు ఎన్ని గంటలు చేస్తున్నారు, అందుకోసం ఏ ఉద్యోగం వదులుకున్నారు, ఆ చాకిరీకి విలువ కడితే ఎంతవుతుంది, ఇదీ వాళ్ళు తేల్చదలచుకున్నది. అందుకని ప్రతి ఇంటికీ ఒక పుస్తకం ఇచ్చేవారు. రోజును పావుగంటల కింద ముక్కలు చేసి, పేజీకి తొంభై ఆరు గడులు. స్నానం చేయిస్తే ఒకటి, తినిపిస్తే రెండు, మందులు మూడు, మరుగుదొడ్డి నాలుగు, ఊరికే కనిపెట్టుకుని ఉంటే ఐదు. చేసిన మనిషి ఏ పూటకాపూట ఆ అంకె వేసి, పక్కన ఒక మాట రాయాలి.

సోమవారం సాయంత్రం ఆమె మెట్లెక్కి వెళ్ళిన ఇల్లు ఇస్త్రీ పెద్దాయనది. దుకాణం మూసి ఆరేళ్ళయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. తలుపు తీసింది ఆయన కొడుకు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు, అందరూ మాస్టారంటారు. అప్పుడే ఇంటికొచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు రెండు విప్పుకుని కుర్చీలో వాలాడు.

"అడగండి మేడం. మా నాన్న గురించి నాకు తెలియనిదంటూ లేదు."

"పెద్దాయన్ని ముఖ్యంగా ఎవరు చూసుకుంటారండీ?"

"అందరం చూసుకుంటాం."

"అందరూ అంటే?"

"నేను, మా ఆవిడ. సెలవులకొస్తే మా అమ్మాయి. ఒకరని ఏముందండీ, కన్నతండ్రి కదా."

"స్నానం ఎప్పుడు చేయిస్తారు?"

ఆయన వంటింటి వైపు తల తిప్పాడు. "ఇదిగో, నాన్నకి స్నానం పొద్దున్నా, సాయంత్రమా?"

"పొద్దున్న" అని లోపలి నుంచి వినిపించింది.

"పొద్దునండీ" అన్నాడు మాస్టారు, తన జవాబు తనే గుర్తు తెచ్చుకున్నట్టు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"లేవడండీ. హాయిగా పడుకుంటాడు."

వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. లెక్కలావిడ ఆ గడి ఖాళీగా వదిలేసింది.

పెద్దాయన ఎదురుగా మంచం మీద కూర్చుని ఒక తువ్వాలు సాపు చేస్తున్నాడు. అంచులు కలిపి, అరచేత్తో ఒత్తి, మడిచి, విప్పి, మళ్ళీ ఒత్తుతున్నాడు. ఆమె అంగీకారపత్రం తీయగానే చెయ్యి చాచి అందుకున్నాడు. మంచం పట్టె మీద పరిచి, నాలుగు మూలలూ లాగి, అరచేతి మొదలుతో ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు తోసి, తిరిగి ఆమె చేతికిచ్చాడు. "మడత నలగనీకమ్మా" అన్నాడు.

"సంతకం రాదండీ, వేలిముద్రే" అంటూ మాస్టారు తండ్రి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. "రెండొందల ఇళ్ళ బట్టలు. ఏ చొక్కా ఎవరిదో, ఏ కాలరు ఎక్కడ చిరిగిందో అన్నీ బుర్రలోనే. ఇప్పుడేమో నన్నే 'ఎవరింటి నుంచొచ్చావు బాబూ' అంటాడు." చెబుతూ నవ్వబోయాడు గాని, నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. కాగితం మీద వేలు కాస్త ఎక్కువసేపే నొక్కి ఉంచాడు. చెడ్డవాడేమీ కాదు అనుకుంది ఆమె.

పుస్తకం ఎలా నింపాలో చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళింది. కోడలికి యాభై దాటి ఉంటాయి. పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే, చెప్పేదంతా కళ్ళు చిట్లించి వింది. గోడకున్న అలమరలో ప్రతి డబ్బాకీ ఒక చీటీ అంటించి ఉంది. ఉప్పు. పంచదార. కారం. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. పొయ్యి పైన గోడకి ఇంకొకటి: "ఆర్పావా?" కుళాయి మీద: "కట్టెయ్యి."

"ఎంత బాగా రాశారండీ! పెద్దాయన కోసమా?"

కోడలు రెప్పలార్పింది. "ఆఁ."

"చేతిరాత ముత్యాల్లా ఉంది."

"దస్తావేజులు రాసే ఆయన దగ్గర నకళ్ళు రాసేదాన్నమ్మా, పద్దెనిమిదేళ్ళు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు మానేశాను."

ఆరో పేజీలో 'రోగి సౌకర్యం కోసం ఇంట్లో చేసిన మార్పులు' అనే ప్రశ్న ఉంది. లెక్కలావిడ 'చీటీలు అంటించారు' అని రాసి, పెన్సిలు జడలో దోపుకుని మెట్లు దిగింది. మంచి ఇల్లు దొరికింది, గడులు సరిగ్గా నింపుతారు అని సంతోషపడింది కూడా.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళేసరికి పుస్తకం సిద్ధంగా ఉంది. ముందురోజు రాత్రి ఏడుంపావు నుంచి ఒక్క గడి ఖాళీ లేదు. ఇంతవరకూ ఏ ఇంట్లోనూ అలాంటి పేజీ చూడలేదు ఆమె. పన్నెండుంపావు: దుప్పటి మార్చాను. రెండు: లేచి తలుపు లాగుతుంటే కూర్చోబెట్టాను. నాలుగున్నర: మళ్ళీ దుప్పటి. హాయిగా పడుకుంటాడన్న మనిషి రాత్రి అది. ఆమె వేలితో గడులు కొలుచుకుంటూ పోయింది. మొత్తం పదహారు గంటల నలభై ఐదు నిమిషాలు.

ఉదయం వరసలో ఒకచోట వేలు ఆగింది. ఎనిమిదింపావుకి మూడు, పక్కన 'పొద్దుటి మాత్ర ఇచ్చాను.' తొమ్మిదిన్నరకి మళ్ళీ మూడు. మళ్ళీ 'పొద్దుటి మాత్ర ఇచ్చాను.'

"ఇది రెండుసార్లు పడిందండీ."

కోడలు పుస్తకం కళ్ళకి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. "పొరపాటున రాశానేమో."

"ఏది కొట్టెయ్యను?"

"మీ ఇష్టం" అంది ఆవిడ. ఆ మాట అన్న తీరు లెక్కలావిడకి కొంచెం వింతగా తోచింది. రెండో మూడుని కొట్టేసి ఐదు వేసింది. పెద్దాయన మంచం మీద గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. తువ్వాలు సగం మడతలో నేలమీద పడి ఉంది.

మాట మార్చడానికి అమ్మాయి ఏం చదువుతోందని అడిగింది. కోడలి ముఖం వెలిగిపోయింది. వంతెనలు కట్టే చదువట, మూడో ఏడు, రైల్లో పదకొండు గంటల దూరంలో హాస్టలు. "వాళ్ళ క్లాసులో ఆడపిల్లలు నలుగురే. నది మధ్యలో స్తంభం ఎలా నిలబెడతారో నాకు ఫోనులో చెప్పింది. నాకేం అర్థమవుతుంది? ఊఁ కొడుతూ పోయాను. 'వింటున్నావా, నిద్రపోతున్నావా' అని కసిరింది." చెబుతూ చెబుతూ ఆవిడ ఠక్కున లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యి ఆరిపోయే ఉంది. మీట మీద చెయ్యివేసి, తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసి వచ్చి కూర్చుంది. "ఏం చదువుతోందని అడిగారు కదూ? వంతెనలు కట్టే చదువమ్మా" అంది.

బుధవారం ఆఫీసులో లెక్కలావిడ ఇస్త్రీ పెద్దాయన ఇంటి కాగితాలు ముందేసుకుని కంప్యూటరులో ఎక్కించడానికి కూర్చుంది. ఇరుకు గది, వరసగా ఆరు బల్లలు, పైన గరగరమంటూ తిరిగే పాత పంకా. మొదటి పేజీలో వేలిముద్ర. చుట్లు చుట్లుగా, మధ్యలో కాలిన మచ్చతో, ఇస్త్రీ పెట్టె పట్టిన బొటనవేలు. 'చదువు: లేదు. అక్షరజ్ఞానం: లేదు.' మీట నొక్కింది. రెండో పేజీ, మూడో పేజీ. ఆరో పేజీ దగ్గర చేతులు ఆగిపోయాయి. 'రోగి సౌకర్యం కోసం చీటీలు అంటించారు.'

ఆమె మళ్ళీ మొదటి పేజీ తిప్పింది.

అక్షరం రాని మనిషికి చీటీలెందుకు?

పంకా గాలికి కాగితాలు లేస్తుంటే అరచేత్తో అదిమిపెట్టింది. ఎనిమిదింపావుకి ఒక మాత్ర. తొమ్మిదిన్నరకి ఇంకో మాత్ర. ఏది కొట్టెయ్యనంటే, మీ ఇష్టం. నిన్న రెండో మాత్రను తన పెన్సిలుతోనే గీత గీసి చెరిపేసింది.

సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన ఎవరిమీదా అరిచి ఎరగడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"అంటే చూసుకునే మనిషికీ అదే జబ్బంటావు."

"అనుమానం సార్."

"కంప్యూటరు ఒకే మనిషికి రెండు కోడ్లు తీసుకోదమ్మా. రోగి అయినా కావాలి, చూసుకునేవాళ్ళయినా కావాలి."

"మనిషి తీసుకుంటోంది కదా సార్."

ఆయన నవ్వలేదు. "రూలు ప్రకారం ఇంటి పెద్దకి చెప్పి, క్లినిక్కుకి చీటీ రాసివ్వు. ఆ ఇంటిని మాత్రం లెక్కలోంచి తీసెయ్యి. ఆవిడ రాసిన గంటలు నమ్మలేం కదా."

ఊరంతటిలో అందరికంటే ఎక్కువ చాకిరీ రాసిన పేజీ. చెత్తబుట్టలోకి పొమ్మంటున్నది దాన్నే. ఆమె కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

గురువారం పొద్దున్నే, చెప్పాపెట్టకుండా వెళ్ళింది. తలుపు లోపలివైపు, గడియకు పైన, మొదటిరోజు తెరిచిన తలుపు చాటున పడి కనిపించని చీటీ ఇప్పుడు కనిపించింది. "మందుల షాపు: కిందకి, ఎడమ, ఎడమ. ఇల్లు: కుడి, కుడి, పచ్చ గేటు, పైకి." మాస్టారు డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళిపోయాక ఆ ఇంట్లోంచి ఒంటరిగా బయటికి వెళ్ళేది ఒక్కరే.

"మాత్రలు చూపిస్తారా?" అంది.

కోడలు అడ్డు చెప్పలేదు. డబ్బా తెచ్చి ముందు పెట్టింది. లెక్కలావిడ మాత్రల అట్టలు తీసి, మందుల చీటీ మీద తేదీ చూసి, గోడమీది క్యాలెండరు చూసి లెక్కపెట్టింది. ఉండాల్సినవి పందొమ్మిది. ఉన్నవి పదమూడు. లేచి పెద్దాయన దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. ఆయన కళ్ళు సగం తెరిచాడు. పెదవి పక్కన చొంగ ఆరిపోయి తెల్లగా ఉంది. చేతులు దుప్పటి మీద కదలకుండా పడి ఉన్నాయి. ఆ చేతులు కదలకుండా ఉండటమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"అక్కా" అంది, తెలియకుండానే వరస కలుపుకుంటూ. "చీటీలు మీకోసమే కదూ?"

కోడలు కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నిరుడు వానల్లో. మందులకని వెళ్ళి, మలుపులో నిలబడిపోయాను. ఇల్లు ఎటో తోచలేదు. పద్దెనిమిదేళ్ళు ఆఫీసుకి నడిచిన దారమ్మా అది. గొడుగేసుకుని అలాగే ఉన్నాను. మా మావయ్య దగ్గర బట్టలు వేసేవాడొకాయన చూసి, 'ఇంటికేనా' అన్నాడు. ఆయన వెనకాలే వచ్చేశాను."

"మరి మాత్రలు?"

"ఇచ్చానో లేదో అని గుండె దడ. ఇవ్వకపోతే రాత్రంతా లేస్తారు. అందుకని..."

"పుస్తకంలో రాస్తున్నారు కదా, చూసుకోవచ్చు కదక్కా."

"చూశాను. నా రాతే. కానీ నేను రాసినట్టు గుర్తులేదు." ఆవిడ గొంతు తగ్గింది. "నాకు గుర్తులేనిది ఇంకెవరో నా చేత్తో రాసిపోయినట్టుంది. దాన్నెలా నమ్మను?"

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు ఆపకుండా కొడుతున్నారు.

"మాస్టారికి చెప్పాలి. పెద్దాయన ప్రాణానికే ముప్పు."

"వద్దమ్మా." కోడలు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చాలా బలంగా ఉంది. "మా ఆయన మంచివాడే. కోప్పడడు, కొట్టడు. కానీ ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆ రాత్రికే రైలెక్కి వెళ్ళి అమ్మాయిని తీసుకొచ్చేస్తాడు. అత్తగారికి పక్షవాతం వస్తే నా ఉద్యోగం పోయింది. తర్వాత మావయ్యకి ఇది. ఇప్పుడు నాకు. ఆ తర్వాత వరస ఎవరిదో నువ్వే చెప్పు. నా ఒంట్లో ప్రాణముండగా దాన్ని ఈ పొయ్యి దగ్గరికి రానివ్వను. ఇంకొక్క ఏడాది. ఒక్క ఏడాది నెట్టుకొస్తే చదువైపోతుంది."

ఏడాది. లెక్కలావిడ అట్టలోని ఖాళీ గుంటల్ని చూసింది. ఈ లెక్కన పెద్దాయన నెల కూడా ఆగడు. ఏళ్ళ తరబడి ఇళ్ళమ్మట తిరిగి, కన్నీళ్ళు చూసి, దెబ్బలు చూసి, అన్నిటికీ ఒక అంకె వేసి వచ్చేసింది ఆమె. ఇళ్ళలో వేలు పెట్టకూడదన్నది ఉద్యోగంలో చేరిన రోజే చెప్పిన మాట. ఇవాళ సంచిలోంచి కత్తెర తీసింది. మాత్రల అట్టను ముక్కలుగా కత్తిరించి, శనివారం సాయంత్రం దాకా పూటకొకటి చొప్పున కాగితాల్లో పొట్లాలు కట్టి, పైన రోజూ పూటా రాసి పెట్టింది. మిగిలినవి తన సంచిలో వేసుకుంది.

"పొట్లం లేకపోతే ఇచ్చేసినట్టు. వెతకొద్దు. రేపు సాయంత్రం వస్తాను."

"చెప్పడానికా?"

ఆమె సంచి భుజాన వేసుకుంది. ఏం చెప్పాలో తనకే తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం ముగింపు ప్రశ్నలు. వాటిని ఇంటి పెద్దే చెప్పాలని ఫారంలో ఉంది. మాస్టారు ఉత్సాహంగా కూర్చున్నాడు. ముందు ఆమె గంటలు చదివి వినిపించింది. మంగళవారం పదిహేడు, బుధవారం పదహారున్నర.

"అబ్బో, రోజుకున్నవే ఇరవై నాలుగు" అన్నాడాయన. "మా ఆవిడకి రాతకోతల పిచ్చి లెండి. ప్రతిదీ రాసేస్తుంది."

"అవునండీ. ప్రతిదీ రాశారు" అంది ఆమె. తర్వాతి ప్రశ్న చదివింది. "ముఖ్యంగా చూసుకునే మనిషి రేపటి నుంచి చేయలేకపోతే, ఆ పని ఎవరు చేస్తారు?"

"మా అమ్మాయి ఉందిగా."

ఆలోచించలేదు. ఆగలేదు. గేరు మార్చినంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట.

"చదువుకుంటోంది కదండీ."

"చదువెక్కడికి పోతుందండీ, ఇంట్లోనూ చదువుకోవచ్చు. ఆడపిల్ల, ఎంతైనా చెయ్యి తిరుగుతుంది."

వంటింట్లో ఏ చప్పుడూ లేదు. గుమ్మం పక్క గోడ మీద కోడలి నీడ సగం మాత్రం కనిపిస్తోంది. ఆ నీడ కదలడం లేదు. లెక్కలావిడ పెన్సిలు మొన కాగితం మీద ఆని ఉంది. రాస్తే అయిపోతుంది. మూడక్షరాలు, 'కూతురు.' ఇప్పటిదాకా మూడొందల ఇళ్ళలో ఈ గడిలో కూతురనో, కోడలనో రాసింది. ఎప్పుడూ చెయ్యి ఆగలేదు.

"అలా రాయడానికి లేదండీ" అంది.

"ఏం?"

"ఇంట్లో ఉండేవాళ్ళ పేరే రాయాలి. రోజూ ఈ కప్పు కింద పడుకునేవాళ్ళదే. రూలు." అలాంటి రూలు లేదు. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మాస్టారు గది నాలుగువైపులా చూశాడు. తండ్రి, గోడ, గోడ మీద నీడ. "అయితే ఎవరున్నారండీ? నేనే. నన్నే రాసుకోండి."

"రాస్తాను. రాసుకున్నవాళ్ళు ఒక రోజంతా స్వయంగా చేసి, గడులు నింపాలి. రేపు పొద్దున్న ఎనిమిది నుంచి. ఆ రోజు మీ ఆవిడ ఇంట్లో ఉండకూడదు. నాతో పంపించండి, ఆరోగ్య పరీక్ష ఉంటుంది. చూసుకునేవాళ్ళందరికీ చేయిస్తున్నాం."

"రేపు శనివారం మేడం! నాలుగు బ్యాచీలున్నాయి."

"మీ నాన్నగారి గురించి మీకు తెలియనిదంటూ లేదన్నారు కదండీ."

ఆయన నవ్వేశాడు. "బాగా బిగించారే! సరే. ఒక్క రోజేగా."

శనివారం వాళ్ళిద్దరూ బస్సులో వెళ్ళారు. కోడలు కిటికీ పక్కన కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడి, ఎడమ అని పెదవులతో అనుకుంటూ ఉంది. క్లినిక్కులో డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక తిరిగి చెప్పమంది. మొదటి రెండు మాటలు వినగానే కోడలి చూపుడువేలు ఎడమ అరచేతి మీద కదలడం మొదలైంది. గోటితో రాస్తోంది.

"రాయకూడదమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా.

చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఆవిడకి ఒక మాట గుర్తొచ్చింది. రెండోది వచ్చినట్టే వచ్చి జారిపోయింది.

సాయంత్రం దాకా పరీక్షలు సాగాయి. తొలిదశ అంది డాక్టరమ్మ. మందులతో కొన్నాళ్ళు నిదానించవచ్చు అంది. "ఇంట్లో మిమ్మల్ని చూసుకోవడానికి ఎవరున్నారు?"

"మా మావయ్య ఉన్నారు" అంది కోడలు. "ఆయన్ని నేనే చూసుకుంటాను."

డాక్టరమ్మ కలం కాగితం మీద అలాగే ఉండిపోయింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. తలుపు తీసిన మాస్టారు బనీనుతో ఉన్నాడు. బనీను బొడ్డు దాకా తడిసి ఉంది. గదిలో ఫినాయిలు వాసన, దాని కింద ఇంకో వాసన. పెద్దాయన కొడుకు చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టి ఉన్నాయి. పుస్తకం నేలమీద తెరిచి ఉంది. పదకొండుంపావు దాకా అంకెలున్నాయి. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ.

"రాయడానికి టైము లేకపోయింది మేడం" అన్నాడు. పొద్దుటి గొంతు కాదది. "స్నానాలగదిలోకి వెళ్ళనన్నాడు. నన్ను దొంగ అన్నాడు. తినిపిస్తే ఉమ్మేశాడు. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళిపోయాడు. మా ఆవిడ..." ఆగాడు. భార్య ముఖంలోకి చూడలేక గోడవైపు చూశాడు. "మధ్యాహ్నం ఉప్పు కోసం వెతికితే చీటీలు కనబడ్డాయి. ఎంత సుఖం, వెతుక్కోనక్కర్లేదు అనుకున్నాను. అన్నం తింటుంటే ముద్ద గొంతులో అడ్డం పడింది. నాన్నకి చదువు రాదు. నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు ఆ సంగతి. ఏడాది నుంచి ఆ చీటీల ముందే మంచినీళ్ళు ముంచుకుని తాగుతున్నాను."

కోడలు చేతిలోని కాగితం ఆయనకిచ్చింది. ఆయన నిలబడే చదివాడు. చదివి, మంచం అంచున కూర్చుని మళ్ళీ చదివాడు. పెద్దాయన చెయ్యి చాచి ఆ కాగితం అందుకుని మంచం పట్టె మీద పరిచి, మెల్లగా సాపు చేయడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

"అమ్మాయికి చెప్పాలి" అంటూ మాస్టారు ఫోనున్న బల్లవైపు లేచాడు.

కోడలు ఆయన కంటే ముందు వెళ్ళి ఫోను మీద అరచెయ్యి పెట్టింది. "చెప్పండి. ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందే. కానీ రమ్మనకండి. మీరు రమ్మంటే వచ్చేస్తుంది. దానికి మీరంటే ప్రాణం."

"మరి ఎలాగే? ఇద్దరు... నేనొక్కణ్ణి..."

"నేను ఒక్కదాన్నే చేశాను" అంది ఆవిడ. దెప్పినట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

లెక్కలావిడ సంచి సర్దుకుంది. మిగిలిన మాత్రలు తీసి మాస్టారి చేతిలో పెట్టి, పొట్లాలు ఎలా కట్టాలో చెప్పింది. ఈ ఇంటి కాగితాలు చెత్తబుట్టలో వెయ్యనని మెట్ల మీదే నిర్ణయించుకుంది. దానివల్ల ఈ ఇంటికి ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు. డాక్టరమ్మ చెప్పిన 'కొన్నాళ్ళు' ఎన్నాళ్ళో ఏ ఫారంలోనూ లేదు.

అప్పుడు ఫోను మోగింది.

ముగ్గురూ దానివంకే చూశారు. శనివారం సాయంత్రం. అమ్మాయి ఫోను చేసే వేళ. మాస్టారి చెయ్యి లేచి మళ్ళీ పడిపోయింది. నాలుగో మోతకి కోడలు ఫోను కిందనుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, విప్పి, బల్లమీద పరుచుకుని, గొంతు సవరించుకుంది. ఫోను ఎత్తింది.

"ఏమే, తిన్నావా?" అంది. గొంతు గలగలమంది. "మరి పరీక్షలు పద్నాలుగు నుంచే కదా? ఆఁ, తెలుసులేవే. నీ పక్క మంచం పిల్లకి జ్వరం తగ్గిందా? కొత్త వార్డెను ఇంకా అరుస్తూనే ఉందా?"

మాస్టారు విస్తుపోయి చూశాడు. ఈ మాటలన్నీ ఆయన ప్రతి శనివారం పక్కగదిలో పేపరు చదువుకుంటూ విన్నవే. ఆ కాగితాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. అచ్చు వేసినట్టున్న అక్షరాలు, వరసగా, అంకెలు వేసి. కూతురి గురించి ఒక తల్లికి తెలియాల్సినవన్నీ.

అటునుంచి అమ్మాయి ఏదో అడ్డొచ్చి అడిగినట్టుంది. కోడలు నవ్వి ఏదో చెప్పింది. చెప్పి కాగితం వైపు చూసేసరికి వరస తప్పింది. వేలు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. పెదవులు తెరుచుకుని ఉన్నాయి. మాట రావడం లేదు.

"అమ్మా?" ఫోనులో సన్నగా వినిపించింది. "అమ్మా, ఉన్నావా?"

లెక్కలావిడ గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన ఫోను లాక్కుని చెప్పేస్తాడనుకుంది. మాస్టారు లేచాడు. తడి బనీనుతోనే భార్య వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. వంగి, కాగితం మీద ఐదో వరస కింద తన వేలు ఆనించాడు.

ఆవిడ ఆ వేలివంక చూసింది.

"ఉన్నానే" అంది. "కొత్త చెప్పులు ఇంకా కరుస్తున్నాయా?"

అవతల పిల్ల గలగలా మొదలుపెట్టింది. చెప్పుల గురించి, మడమ బొబ్బల గురించి. కోడలు ఊఁ కొడుతూ ఉంది. మాస్టారు వేలు ఆరో వరస కిందికి జరిపి, అక్కడే పెట్టి, ఆవిడకి అవసరమయ్యేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.